ఎవరి తెలివికి ఎవరు మార్కులెయ్యాలి?

నేను చేసే పనికి మా గూడెంలో పేరు లేదు. ఆఫీసు కాగితాల్లో సైకాలజిస్టునని ఉంటుంది. గూడెంలో కొందరు 'పిచ్చి డాక్టరమ్మ' అంటారు. నేను డాక్టర్ని కాదు, నా దగ్గరికొచ్చే పిల్లలు పిచ్చివాళ్ళూ కాదు. పిల్లల తెలివినీ మనసునీ పరీక్ష చేసి కాగితం రాసిచ్చే ఉద్యోగమని మా అమ్మకి చెబితే, "తెలివిని తూసే తక్కెడ కూడా ఉంటదా? దాన్నెవరు జేశారమ్మాయ్?" అంది. అమ్మ బడి మొహం చూడలేదు. ఎమ్మే దాకా చదివిన నన్ను ఏ క్లాసులోనూ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఉద్యోగంలో చేరిన ఈ రెండేళ్ళలో మాత్రం అది రోజూ ఎదురొస్తోంది. ఆ తక్కెడ ఎవరు చేశారు? దాంతో మా పిల్లల్ని తూచేటప్పుడు ఏం జరుగుతోంది? తూచేవాళ్ళు మాలోంచే వచ్చినప్పుడు వాళ్ళ ధర్మం ఏమిటి? నేనిక్కడ మాట్లాడదలుచుకుంది ఈ మూడు ప్రశ్నల గురించే.

మాది అవనిగడ్డ పక్కన ఒక మాదిగ గూడెం. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేదాకా మధ్యలో ఉన్న నేలంతా దివిసీమ. వరి, వరి కోశాక మినుము, సముద్రం వైపు పోయేకొద్దీ రొయ్యల చెరువులు. ఎటు చూసినా పచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనంలో నాట్లు మావి, కోతలు మావి, చెరువుల కాపలా మాది. ఎకరాలు మాత్రం ఊళ్ళో ఉంటాయి. మా నాన్న మిల్లులో బస్తాలు మోసి, అమ్మ కూలికి పోయి నన్ను సైకాలజీ చదివించారు. మా గూడెంలో ఆ చదువు చదివిన మొదటిదాన్ని నేనే.

ఉద్యోగం కాంట్రాక్టుది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి, ఏ మండలంలో క్యాంపు పెడితే అక్కడికి పెట్టె పట్టుకుని పోతాను. పెట్టెలో గుంటలు తొలిచిన చెక్క పలక, ఆ గుంటల్లో అమర్చే గుండ్రం, చదరం, నక్షత్రం ముక్కలు, బొమ్మల కార్డులు, రంగు దిమ్మలు, ఒక స్టాప్‌వాచీ. బడి పంతుళ్ళు పేర్లు రాసి పంపుతారు. తల్లులు కూలి మానుకుని పిల్లల్ని తీసుకొస్తారు. కూర్చోగానే కొందరు మెల్లిగా అడుగుతారు: "మీరేమట్లు అమ్మా?" ఊరి తల్లి అడిగితే అదొక ప్రశ్న, వాడ తల్లి అడిగితే ఇంకొక ప్రశ్న. ఇద్దరికీ ఒకే జవాబు చెబుతాను. చెప్పాక ఊరి తల్లి బిడ్డని కొంచెం తన వైపుకి లాక్కుంటుంది. వాడ తల్లి బిడ్డని కొంచెం నా వైపుకి జరుపుతుంది. స్టాప్‌వాచీ నేనింకా నొక్కనే లేదు. పరీక్ష మాత్రం అప్పటికే మొదలైపోయింది.

పరీక్షల్లో అడిగే ప్రశ్నల్ని బయట పెట్టకూడదని మా వృత్తిలో నియమం. నియమం మంచిదే. అందుకని అసలు ప్రశ్న కాకుండా ఆ తరహాది ఒకటి చెబుతాను. దారిలో ఎవరిదో డబ్బు సంచి పడి ఉంది, నువ్వేం చేస్తావు? రావలసిన జవాబు మీకు తెలుసు. పోగొట్టుకున్నవాళ్ళకిస్తాను, పెద్దవాళ్ళకిస్తాను, పోలీసు స్టేషన్లో అప్పజెబుతాను. ఇలాంటి ప్రశ్నకి తొమ్మిదేళ్ళ మాదిగ పిల్లాడు చెప్పిన జవాబు ఇది: "ముట్టుకోనండి. దూరంగా ఎల్లిపోతానండి." ఎందుకురా అంటే, "నేను ముట్టుకుంటే నేనే తీశానంటారండి" అన్నాడు.

ఈ పిల్లాడికి లోకజ్ఞానం ఉందా లేదా? మీరే చెప్పండి. దొంగతనం అంటగట్టి చెట్టుకి కట్టేసిన కథలు ఇంట్లో వినకుండా ఆ జవాబు రాదు. పోలీసు స్టేషనంటే న్యాయం దొరికే చోటని పుస్తకంలో నేర్చుకున్న పిల్లాడికి పూర్తి మార్కులు. స్టేషన్ సంగతి తాత నోట విన్న పిల్లాడికి సున్నా. వాడు తన లోకానికి సరిపోయే జవాబే చెప్పాడు. ఆ లోకం గురించి తెలియని పుస్తకం వాడికి సున్నా వేసింది.

తక్కెడ కథ ఇలా ఉంది. మామూలు బడిలో వెనకబడే పిల్లల్ని గుర్తించే మార్గం చూడమని 1904లో ఫ్రాన్సు ప్రభుత్వం ఒక సంఘం వేసింది. అందులో సభ్యుడైన ఆల్ఫ్రెడ్ బినే, సైమన్‌తో కలిసి 1905లో మొదటి కొలబద్దని తయారు చేశాడు. అలాంటి పిల్లలకి అదనంగా సాయం చెయ్యాలన్నది ఆయన ఉద్దేశం. తెలివి పుట్టుకతో ఇంతే, ఇక పెరగదు అన్నవాళ్ళని ఆయన గట్టిగా ఎదిరించాడు. 1911లో చనిపోయాడు. కొలబద్ద అమెరికా చేరింది. 1916లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో దాన్ని తిరగరాసిన టెర్మన్, నల్లవాళ్ళలో, మెక్సికన్లలో, అమెరికా ఆదివాసుల్లో కనిపించే మందకొడితనం జాతిలోనే ఉన్నట్టుందని రాశాడు. సాయం కోసం పుట్టిన కొలబద్ద పదేళ్ళు తిరిగేసరికి మనుషుల్ని మెట్ల మీద నిలబెట్టే పనికి కుదిరింది. మెట్లంటే ఏమిటో మనకి వేరే చెప్పాలా? మన దేశంలో 1930లలో ధార్వాడలో వి.వి. కామత్ దాన్ని కన్నడ, మరాఠీ పిల్లలకి అనువుగా మార్చాడు. తర్వాత నాగపూర్‌లో మలిన్ భారతీయ పిల్లల కోసం ఇంకొకటి తయారు చేశాడు. రెండూ నేటికీ వాడుకలో ఉన్నాయి. వాళ్ళు చేసింది పెద్ద పనే, కాదనను. అయితే 'భారతీయ పిల్లలు' అన్న మాట వినగానే నాకు అనుమానం వస్తుంది. ఏ ఇంటి పిల్లలు?

ఈ అనుమానం నా ఒక్కదానిదే కాదు. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు నల్లజాతి తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. ఈ పరీక్షల పేరు చెప్పి మా పిల్లల్ని మందబుద్ధి తరగతుల్లోకి తోస్తున్నారని వాళ్ళ ఫిర్యాదు. అదే పిల్లల్ని నల్లజాతి సైకాలజిస్టులు మళ్ళీ పరీక్షించారు. బిడ్డలకి బెరుకు పోగొట్టి, వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో అడిగారు. మార్కులు పెరిగాయి. 1979లో జడ్జి పెకమ్, కాలిఫోర్నియాలో నల్లజాతి పిల్లల్ని అలాంటి తరగతుల్లో వెయ్యడానికి ఈ పరీక్షల్ని వాడకూడదని తీర్పు చెప్పాడు. పిల్లలు వాళ్ళే. అడిగిన మనిషి మారితే అంకె మారింది. తెలివి కొలిచే అంకెలో అడిగినవాడి వాటా కూడా ఉంటుందన్నమాట.

కోడూరు వైపు ఒక పిల్లాడు, ఆరో తరగతి. 'లెక్కలు అసలు రావు, మందబుద్ధి కావచ్చు' అని బడి నుంచి కాగితం. కాగితం మీద భాగాహారం పెడితే నిజంగానే రాలేదు. వాళ్ళ నాన్న రొయ్యల చెరువు కాపలా. మాటల్లో చెరువు సంగతి వచ్చింది. ముప్పై కౌంటుకి రేటెక్కువా, వంద కౌంటుకి ఎక్కువా అని అడిగాను. వాడు నన్ను జాలిగా చూశాడు. "ముప్పైకండి. కేజీకి ముప్పయ్యే తూగినియ్యంటే ఒక్కోటి పెద్దది గదండి. వందంటే పొట్టియ్యి." అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నదవుతుందనీ, ధర పడిపోతుందనీ, ఇంకో పదిరోజులు మేతేస్తే కౌంటు ఎంతకి దిగుతుందనీ, ఆ మేత ఖర్చు గిట్టుతుందో లేదో ఎలా చూస్తారనీ వరసగా చెప్పాడు. బడిలో దీన్ని విలోమానుపాతం అంటారు. పై తరగతుల్లో చెబుతారు. వీడు చెరువు గట్టు మీద నేర్చుకున్నాడు. మూడో తరగతిలో తమ్ముణ్ణి చూసుకోవడానికి ఆరు నెలలు బడి మానేశాడు, భాగాహారం అప్పుడు పోయింది. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు. పక్కనున్న ఖాళీలో రాశాను.

ఇక్కడితో ఆపితే నా పని సులువు. ఈ పరీక్షలన్నీ అగ్రకులాల కుట్ర, మా పిల్లలకి ఏ లోపమూ లేదు అని చెప్పి చప్పట్లు కొట్టించుకోవచ్చు. అది నిజం కాదు.

నాగాయలంక మండలంలో ఒక మాలపల్లి పిల్ల, పదకొండేళ్ళు, ఐదో తరగతి. పేరు రాయడం రాదు. నాలుగు గింజలెక్కువో రెండు గింజలెక్కువో చెప్పలేదు. ఎదురుగా బండి వస్తుంటే తప్పుకోవాలని తెలియదు. ఆ పిల్లకి నిజంగా బుద్ధి ఎదుగుదలలో లోపం ఉంది. మూడేళ్ళప్పుడే తల్లి కనిపెట్టింది. మాటలు రావాలని మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంది. చర్చిలో ప్రార్థన నూనె రాయించింది. ఆసుపత్రిలో చూపిస్తే 'పెద్దయ్యాక వస్తాయిలే' అన్నారు. బడిలో ఐదేళ్ళు వెనక కూర్చోబెట్టి పై తరగతికి పంపుతూ పోయారు. ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎందుకు రాలేదు? పల్లె పిల్లకి చదువు రాకపోవడంలో వాళ్ళకి వింతేమీ కనపడలేదు. వాళ్ళంతేనండీ అనుకున్నారు. ఊళ్ళో కలిగినవాళ్ళ పిల్ల ఇలా ఉంటే ఆరు నెలల్లో విజయవాడలో డాక్టరు ముందుండేది. మాట నేర్పే శిక్షణ, తన పని తాను చేసుకోవడం నేర్పే శిక్షణ చిన్నప్పుడే అందితే ఆ పిల్ల ఎంతో కొంత ముందుకొచ్చేది. ఎనిమిదేళ్ళు పోయాయి. ఉన్నమాట చెప్పినప్పుడు తల్లి ఏడుస్తుందనే అనుకున్నాను. ఏడ్చింది. "ఇన్నాళ్ళకి నా మాట ఒకళ్ళు నమ్మారమ్మా" అని ఏడ్చింది.

కులం మా పిల్లలకి రెండు వైపులా అన్యాయం చేస్తోంది. లేని లోపాన్ని ఉందంటుంది. ఉన్న లోపాన్ని చూడనే చూడదు. రెండింటికీ వేరు ఒకటే: మా పిల్లల్లో తెలివి ఉంటుందని ఎవరూ ఆశించకపోవడం. ఉంటుందని ఆశించని చోట, లేకపోయినా తెలియదు. అందుకే పరీక్షలు తగలబెట్టండి అని నేననను. పరీక్ష లేకపోతే ఆ పిల్ల ఇంకా వెనక బెంచీలోనే ఉండేది. పంతులు గారి అంచనా తప్పని రుజువు చెయ్యడానికి వాడలో తల్లి మాట చెల్లదు. ఆ చెక్క పలక మాట చెల్లుతుంది. చెల్లే మాట మన చేతిలో ఉన్నప్పుడు దాన్ని పారేసుకోకూడదు.

ఇక డబ్బు సంగతి. 1995 నాటి వికలాంగుల చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2016 చట్టంలోనూ నలభై శాతం లోపమనేది ఒక గీత. ఆ గీత దాటినవాళ్ళకే రిజర్వేషన్లు, పెన్షన్లు. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి వికలాంగుల పెన్షను నెలకి 6,000 రూపాయలు. దివిసీమలో ఏడాదికి ఎన్ని రోజులు కూలి దొరుకుతుందో తెలిసినవాళ్ళకి ఆ అంకె బరువు తెలుస్తుంది. మొగుడు వదిలేసిన ఒక తల్లి నన్నడిగింది: "ఇంకాస్త ఏసి రాయండమ్మా. మీ సేతిలో పనేగా. మావోడు ఎటూ సదవడు. ఆ ఆరేలొస్తే ముగ్గురు పిల్లలూ అన్నం తింటారు." తుది సర్టిఫికెట్టు ఇచ్చేది నేను కాదు, డాక్టర్ల బోర్డు. కానీ నా కాగితం వాళ్ళ ముందుకి పోతుంది. పిల్లాడికి ఏ లోపమూ లేదు. చదువు సరిగా అందలేదు, అంతే.

రాస్తే ఒక ఇంటికి అన్నం. రాస్తే ఆ పిల్లాడు ప్రభుత్వ రికార్డులో మందబుద్ధి. బడి వాడి మీద ఆశ వదులుకోవడానికి సంతకంతో సహా అనుమతి ఇచ్చినట్టు. కొన్నాళ్ళకి వాడూ నమ్ముతాడు. మీకు బుద్ధి లేదు, మీకు చదువెందుకు అని మనువు నుంచీ చెబుతున్న మాటే, ఈసారి ఒక మాదిగ సైకాలజిస్టు సంతకంతో చెప్పినట్టవుతుంది. రాయకపోతే ఆ ఇంట్లో ఆకలి అలాగే ఉంటుంది. నిజాయితీ కడుపు నిండినవాళ్ళ వ్యవహారమని మా నాన్న అంటుంటాడు. ఆ మాటని నేను తేలిగ్గా తీసుకోను.

నేను రాయలేదు. ఒంటరి ఆడవాళ్ళ పెన్షనుకి అర్జీ రాసిచ్చి, ఆఫీసుకి తోడు వెళ్ళాను. ఆమె ఇంకా తిరుగుతూనే ఉంది. రాయకపోవడం సరైందేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఆ నిజాయితీకి ఖర్చు పెట్టుకున్నది నేను కాదు, ఆమె. ఆమెని మోసగత్తె అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆకలికి ఇవ్వని డబ్బు లోపానికి మాత్రమే ఇస్తే పేదవాళ్ళు లోపాన్నే వెతుక్కుంటారు. బిడ్డ తెలివిని తాకట్టు పెడితే తప్ప అన్నం పుట్టని రోజులు తెచ్చినవాళ్ళు ఎవరో వాళ్ళకి ముందు నిజాయితీ పరీక్ష పెట్టాలి.

తెలివి సంగతి సరే. మనసు సంగతి ఇంకా కష్టం. రెండో తరగతి పిల్ల. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, బడి గేటు దాటితే నోరు తెరవదు. ఐదు నెలలుగా ఒక్క మాట లేదు. పుస్తకంలో దీనికి పేరుంది, ఆందోళన జబ్బుల్లో చేర్చారు. చాలాసార్లు కూర్చున్నాక, నాతో కాదు, నా పెట్టెలో బొమ్మతో చెప్పింది. మంచినీళ్ళ కుండ దగ్గర గ్లాసు ముట్టుకున్నందుకు అందరి ముందూ తనని ఏమన్నారో చెప్పింది. ఆ మాట నేనిక్కడ రాయను. ఇది చదివేవాళ్ళలో చాలామంది విన్న మాటే. బాబాసాహెబ్‌ని చిన్నప్పుడు బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చోబెట్టారు. దాహమేస్తే ప్యూను వచ్చి కుళాయి తిప్పాలి. ప్యూను లేకపోతే నీళ్ళు లేవు. ఆ గోనెపట్టా మీద కూర్చున్న పిల్లాడికి ఎవరైనా మానసిక పరీక్ష పెట్టి, పట్టా సంగతి ఎత్తకుండా అంకె ఒక్కటే రాసుంటే, ఆ కాగితానికి ఏం విలువ ఉండేది?

ఇది నా ఆవేశం అనుకునేవాళ్ళ కోసం ఒక ప్రయోగం చెబుతాను. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకి కాగితం మీద చిక్కుదారులు గీసి ఇచ్చారు. దారి కనుక్కున్నవాళ్ళకి డబ్బులిచ్చారు. ఫలితాలు 2004లో వచ్చాయి. కులం ప్రస్తావన లేనప్పుడు అగ్రకులాల పిల్లలూ దళిత పిల్లలూ సమానంగా చేశారు. అందరి ముందూ కులం పేరు చదివి మొదలుపెట్టినప్పుడు దళిత పిల్లలు వెనకబడ్డారు. కులం పేరు చదివినంత మాత్రాన బుర్రలు మారిపోవు గదా. 'మీరేమట్లు' అన్న ప్రశ్న ఆ గదిలోకి వచ్చి కూర్చుంది, అంతే.

మా ఫారంలో చాలా గడులున్నాయి. కాన్పు కష్టమైందా, ఫిట్సు వచ్చాయా, మేనరికమా, తండ్రి తాగుతాడా, కుటుంబంలో మానసిక వ్యాధి ఉందా. పిల్ల ఒళ్ళు, తల్లి కడుపు, తండ్రి తాగుడు, దోషం వెతకడానికి ఇన్ని చోట్లు. బడి, ఊరు, కులం ఆ కాగితం మీదికి రావు. గాలి వీస్తే వణికిపోయి రాత్రిళ్ళు నిద్రపోని ఒక పిల్లాణ్ణి వాళ్ళ నాయనమ్మ తీసుకొచ్చింది. కుటుంబంలో మానసిక వ్యాధి ఉందా అంటే లేదంది. 1977 నవంబర్ 19 ఉప్పెన నాటికి ఆమెకి పదేళ్ళు. తల్లీ, ఇద్దరు తమ్ముళ్ళూ నీళ్ళలో పోయారు. ఆ రోజు పోయినవాళ్ళు పదివేల మంది దాకా ఉంటారని లెక్క. ఇప్పటికీ గాలి లేస్తే ఆమె పడుకోదు, మనవణ్ణి కొంగుతో నడుముకి కట్టుకుని కూర్చుంటుంది. నీకెలా ఉందమ్మా అని తనని ఒక్కరూ అడగలేదంది. పిల్లాడి భయానికి ఫారంలో ఒక నంబరుంది. ఆమె మోసిన దానికి లేదు.

ఇవన్నీ రిపోర్టుల్లో రాస్తుంటే నా పైవాళ్ళలో ఒకరు పిలిచి, "స్కోరు రాసి సంతకం పెట్టమ్మా, సోషియాలజీ ఎందుకు? సైన్సుకి కులం ఉండదు" అన్నారు. సైన్సుకి కులం ఉండకపోతే నాకంటే సంతోషించేవాళ్ళు లేరు. కానీ ఎండ వేడి కొలిచేవాడు కూడా నీడలో కొలిచాడో ఎండలో కొలిచాడో రాస్తాడు. బిడ్డని ఏ మాటల్లో అడిగారు, ఎవరు అడిగారు, పొద్దున ఏమన్నా తినొచ్చిందా, ఎన్నాళ్ళు బడికి పోయింది, బడిలో ఎక్కడ కూర్చుంటుంది, ఇవి రాయకుండా అంకె ఒక్కటే రాస్తే అది సగం కొలత. సగం కొలతని పూర్తి కొలతగా చూపించడం సైన్సు కాదు. నా కాంట్రాక్టు ఏటా మళ్ళీ రాయాలి, రాసేది వాళ్ళే. అయినా రాస్తున్నాను. తూచేవాళ్ళ ధర్మం ఏమిటన్న ప్రశ్నకి ఇప్పటికి నాకు దొరికిన జవాబు ఇంతే: ఉన్న లోపాన్ని దాచకూడదు, లేని లోపాన్ని రాయకూడదు, అంకె పక్కన ఆ అంకె ఎలా పుట్టిందో రాయకుండా సంతకం పెట్టకూడదు.

మనవాళ్ళు ఈ ఉద్యోగాల్లోకి వస్తే చాలు, అంతా సర్దుకుంటుందని కొందరంటారు. రావాలి, తప్పకుండా రావాలి. కానీ పుట్టుక ఒక్కటే సరిపోదు. నేను చదివిందీ ఆ పుస్తకాలే. పీతలు పట్టే యానాది పిల్ల నా కుర్చీ ముందు నిలబడి కాళ్ళు వణికించుకుంటున్నప్పుడు, ఆ పిల్లకి నేను మాదిగదాన్ని కాదు, వాచీ పెట్టుకున్న ఊరి మనిషిని. ఆ పిల్లతో నేల మీద కూర్చోవడం ఏ పుస్తకంలోనూ లేదు. మనం రాసుకోవాలి.

చివరగా, ఉద్యమాల్లో ఉన్న అన్నలకీ అక్కలకీ, చదువుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. భూమి కోసం నడిచాం, దాడుల మీద నడిచాం, హాస్టళ్ళ కోసం నడిచాం. 'మందబుద్ధి' అని బడి నుంచి వచ్చే ఆ చిన్న కాగితం దగ్గర మనమెవరం లేం. చదవడం రాయడంలో ప్రత్యేకమైన ఇబ్బందులున్న పిల్లలకి 2016 చట్టం హక్కులిచ్చింది. కార్పొరేట్ స్కూళ్ళ తల్లిదండ్రులకి ఆ సంగతి తెలుసు. మన వాడల్లో తెలిసినవాళ్ళు తక్కువ. మీ మండలంలో భవిత కేంద్రానికి ఒకసారి వెళ్ళండి. అక్కడ ఏ పిల్లలున్నారు, ఏ పిల్లలు రాలేదు చూడండి. బడిలో వెనక బెంచీలో ఎవరు కూర్చున్నారో, ఎందుకు కూర్చున్నారో అడగండి. పరీక్షకి పోయే తల్లితో పాటు ఒకళ్ళు వెళ్ళి పక్కన కూర్చోండి. రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. మనకి అర్థమయ్యే తెలుగులో చదివి చెప్పమనండి. ఎదురుగా కూర్చున్న సైకాలజిస్టు నేనైనా సరే, అడగండి.